ఎర్రదారం ముడి

పోయిన వారం మనం పెద్దామెని వంటింట్లో మందుల అర ముందు వదిలేసి వచ్చాం. ఒక చేతిలో తన మాత్రల సీసా, ఇంకో చేతిలో తోడికోడలిది. రెండూ తెల్లవే. రెండింటి మీదా కంటి ఆస్పత్రి చీటీయే. దాని మీది అంకెలు ఆస్పత్రివాళ్ళు కూడా చదవలేనంత సన్నం. తేడా ఒక్కటే. మారిపోకుండా ఉంటుందని చిన్నామె తన సీసా మెడకి ఎర్రదారం చుట్టి ముడేసుకుంది. పెద్దామె ఆ దారం విప్పి తన సీసాకి కట్టేసింది. చిన్నామె సీసాని తనది చేసుకుంది. అప్పుడే ఇంకో సంగతి కూడా గమనించింది. చిన్నామె సీసా తనదానికంటే బరువుగా ఉంది. "దీనికి మాత్రలు కూడా ఎక్కువే పోశారన్నమాట" అనుకుంది.

ఇప్పుడే కథలోకి వచ్చినవాళ్ళ కోసం ఇంకో రెండు ముక్కలు. ఈ తోడికోడళ్ళిద్దరూ కర్టెన్లు కుట్టే దుకాణం నడుపుతారు. కింద దుకాణం, పైన ఇల్లు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. పెద్దామె గుడ్డ కోస్తుంది, చిన్నామె కుడుతుంది. పెద్దామె భర్త ఇళ్ళకి వెళ్ళి కిటికీల కొలతలు తెస్తాడు. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి వీధిలో అందరికీ ఆయన టేపాయన. చిన్నామె భర్త కర్టెన్ కడ్డీలు బిగించేవాడు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది.

ఆయన పోయిన కొత్తలోనే కంటి ఆస్పత్రిలో విటమిన్ల పరీక్ష మొదలైంది, తోడికోడళ్ళిద్దరూ అందులో చేరారు. వయసు పైబడిన ఆడవాళ్ళలో కొందరికి కంటి వెనక పొర నడిమధ్యలో పాడవుతుంది. చుట్టూ అంతా కనిపిస్తుంది, సరిగ్గా చూద్దామనుకున్నదే కనిపించదు. విటమిన్ మాత్రలు దాన్ని ఆపగలవో లేదో తేల్చుకోవాలని ఆస్పత్రివాళ్ళు సగం మందికి విటమిన్లు, సగం మందికి ఉత్త మాత్రలు ఇస్తున్నారు. ఎవరికి ఏవి వెళ్ళాయో ఇచ్చే సిస్టర్‌కీ తెలియదు, కళ్ళు చూసే డాక్టరమ్మకీ తెలియదు.

పెద్దామెకి మాత్రం తెలిసిపోయింది. అసూయకి ఏ పరీక్షా అక్కర్లేదు.

ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపిన గళ్ళ కాగితం ఒకటి బీరువా తలుపుకి లోపలివైపు అతికించి ఉంది. నల్లటి గీతలు, నిలువూ అడ్డం, మధ్యలో ఒక చుక్క. పొద్దున్నే దాని ముందు నిలబడి చుక్కని చూడాలి. గీతలు వంకరపోయినట్టు అనిపిస్తే వెంటనే ఫోన్ చెయ్యాలి. పెద్దామె ఎడమ కంటికి ఆ గీతలు కొన్నాళ్ళుగా తడిసిన గుడ్డ అంచులా అలలు అలలుగా కనిపిస్తున్నాయి. డాక్టరమ్మ చూసింది, ఇంకా మొదట్లోనే ఉంది, గమనిస్తూ ఉందామంది. చిన్నామె మాత్రం రోజూ బీరువా ముందుకి వెళ్ళి, ఇలా చూసి అలా వచ్చి, "అన్నీ నిటారుగానే ఉన్నాయక్కా" అనేది.

నిటారుగా. ఆ ఒక్క మాటకి పెద్దామె ఒళ్ళంతా మండిపోయేది. దానికి విటమిన్లు, నాకు పిండి. చిన్నామె పొద్దస్తమానం గుడ్డలు కుడుతుంటే, పెద్దామెకి కన్ను కుడుతూ ఉండేది.

సీసా మార్చుకున్నాక అయినా మనసు నెమ్మదించిందా అంటే, లేదు. పొద్దున్నే చిన్నామె మాత్ర మింగడం, బీరువా తలుపు చాటున నిలబడి కుడికన్ను మూసి చూడడం. గీతలు అలాగే వంగి ఉన్నాయి. ఉత్త మాత్రలు మింగుతున్న చిన్నామెకేమో ఇంకా నిటారుగానే ఉన్నాయట. ఇన్నాళ్ళు మంచి మందు తిన్నది కదా, ఆ బలం అంత త్వరగా పోతుందా అని పెద్దామె సర్దిచెప్పుకుంది. రోజూ ప్రార్థనకి కూర్చున్నప్పుడు అందరి క్షేమం కోరేది. అందరిలో చిన్నామె కూడా ఉందనే సంగతి తలపుకి రాకముందే కళ్ళు తెరిచి లేచేది.

ఆ మధ్యాహ్నం ఒక పెద్ద హాలుకి నీలం చారల కర్టెన్లు తయారవుతున్నాయి. చారల గుడ్డంటే చూపుకి పరీక్షే. ముక్కకీ ముక్కకీ చార కలవకపోతే గోడ మీద పాము పాకినట్టు ఉంటుంది. పెద్దామె బల్ల మీద గుడ్డ పరిచింది. ఒకప్పుడు సుద్ద గీత కూడా అక్కర్లేకుండా కోసిన చెయ్యి ఇప్పుడు ఇనపస్కేలు ఆనించి కోస్తోంది. చిన్నామె పక్కన కూర్చుని అంచు మడిచి చేత్తో కుడుతోంది.

"అక్కా, కాస్త ఈ సూదికి దారం ఎక్కించి పెట్టవూ."

"ఏం, నీ కళ్ళకేమైంది? నిక్షేపంగా ఉన్నాయిగా."

"ఉన్నాయి. సూదే పక్కకి జరుగుతోంది."

"ఇవాళ సూది జరిగింది. రేపు మిషను లేచి నడుస్తోందంటావు."

చిన్నామె నవ్వింది. ఆ నవ్వు పెద్దామెకి నచ్చలేదు. ఈ మధ్య ఇదొకటి మొదలైంది. ఏదో వంకతో సూది తెచ్చి చేతిలో పెడుతుంది. నా చూపు ఎంతవరకూ పోయిందో చూద్దామని కాకపోతే ఎందుకు? నిన్న గ్లాసులో నీళ్ళు పొయ్యమంటే సగం బల్ల మీద పోసింది. అది కూడా కావాలనే, తుడిచేటప్పుడు నాకు తడి కనిపిస్తుందో లేదో చూడడానికి. పెద్దామె దారం కొస తడిపి, సూదిని కుడికంటి దగ్గరికి తెచ్చుకుని, ఎలాగో ఎక్కించి ఇచ్చింది.

"అక్కా, ఒకటి అడుగుతా. కోప్పడకూడదు."

"కోప్పడేదైతే అడక్కు."

చిన్నామె ఒడిలోంచి సీసా తీసి చారల గుడ్డ మీద పెట్టింది. మెడకి ఎర్రదారం ఉంది.

"ఈ ముడి నాది కాదు."

పెద్దామె కత్తెర ఆగింది. చిన్నామెది ఎడమచేతి వాటం. ఆమె వేసిన ముడి ఎడమవైపుకి తిరుగుతుంది. నలభై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని పని చేసిన చేతులు, ఎవరి ముడి ఎవరిదో చీకట్లో తడిమినా తెలుస్తుంది. దారం మార్చినప్పుడు పెద్దామెకి అది తట్టలేదు. చేతికి అలవాటైన ముడి వేసేసింది.

"సీసా కూడా తేలికైంది" అంది చిన్నామె. "అక్కా, నువ్వేనా?"

లేదంటే సరిపోయేది. ఏదో సర్దుతూ ఉంటే ఊడిపోయింది, మళ్ళీ కట్టానంటే చిన్నామె నమ్మేది. కానీ పెద్దామె అలిసిపోయి ఉంది. ఒకరి మీద అంతకాలం కుళ్ళుకోవడం కూడా చాకిరీయే.

"ఔను, నేనే. మార్చాను. ఏం చేస్తావ్ ఇప్పుడు?"

"ఏం చేస్తాను. ఎందుకక్కా?"

"ఎందుకా? కత్తెర పట్టుకోవడం నీకు నేర్పింది ఎవరు? ఇప్పుడు వచ్చే ప్రతివాళ్ళూ చిన్నమ్మగారు కుట్టారా అని అడిగేవాళ్ళే. ఎవరు కోశారని ఒక్కళ్ళూ అడగరు. కొయ్యకపోతే ఏం కుడతారంట, గాలినా? సరే, అది మనుషుల సంగతి. నోరు మూసుకున్నాను. కళ్ళ దగ్గర కూడా మంచివి నీకే పొయ్యాలా? పైగా రోజూ నా మొహం ముందుకొచ్చి, నిటారుగా ఉన్నాయక్కా, నిటారుగా ఉన్నాయక్కా అని."

"నువ్వు అడుగుతావు కాబట్టి చెప్పాను."

"అడిగితే మాత్రం, రోజూ అంత సంతోషంగా చెప్పాలా?"

చిన్నామె కాసేపు గుడ్డ అంచు సవరించింది. "మాత్రలు కావాలని అడిగితే ఇచ్చేదాన్నిగా" అంది మెల్లగా.

"అదే. అదే నాకు పడదు. నువ్వు ఇచ్చేదానివి, నేను పుచ్చుకునేదాన్ని." పెద్దామె కత్తెర పక్కన పడేసింది. "పద. నా ఎదురుగా ఆ గళ్ళు చూసి చెప్పు. ఉత్త మాత్రలు మింగుతున్నా నీకేమీ కాలేదంటే ఇక నేను ఆ దేవుడితోనే మాట్లాడుకుంటాను."

చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి బీరువా ముందు నిలబెట్టింది. తలుపు తెరిచింది.

"గీతలు?"

"నిటారుగా ఉన్నాయి."

"చుక్క?"

"ఉంది. ఎక్కడికి పోతుంది."

పెద్దామె ఎప్పుడూ చిన్నామె చూస్తున్నప్పుడు పక్కన నిలబడలేదు. తన వంకరలు ఎవరికీ తెలియకూడదని తను తలుపు చాటున చూసుకునేది. చిన్నామె వంతు వచ్చినప్పుడు, అది చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇవాళే మొదటిసారి ఆమె కాగితాన్ని వదిలి చిన్నామె ముఖంలోకి చూసింది.

రెండు కళ్ళూ బార్లా తెరిచి ఉన్నాయి.

"రెండు కళ్ళతో చూస్తావేం?"

"మరి నాకు ఎన్నున్నాయి?" అంది చిన్నామె.

"అలా కాదే. ఒక కన్ను..."

మాట అక్కడే ఆగిపోయింది. రెండేళ్ళ కిందట కూడా సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది.

ఆ రోజు ఆస్పత్రిలో సిస్టర్ గళ్ళ కాగితం ఎలా చూడాలో చెబుతుంటే పెద్దామె ఒక్కతే విన్నది. చిన్నామె బయట వరండాలో బెంచీ మీద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. భర్త పోయి ఇంకా నెల తిరగలేదు. పెద్దామె ఇంటికొచ్చి, కాగితం అతికించి, చిన్నామెని పిలిచి, సిస్టర్ చెప్పినట్టే మొదలుపెట్టింది. ఒక కన్ను మూసి, అనబోయింది. చిన్నామె ముఖం చూసింది. ఆయన ఉన్న ఆస్పత్రి నుంచి ఫోనులో వచ్చిన మాట అదే. మీ ఆయన కన్ను మూశారమ్మా. ఆ మాట విని చిన్నామె ఫోను పట్టుకునే కింద కూలబడింది. అలాంటి మాటని మళ్ళీ ఎలా అనడం? పెద్దామె దాన్ని మింగేసింది. "చుక్కనే చూడు, గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పు" అంది అంతే. మిగతాది తర్వాత చెబుదాంలే అనుకుంది. తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆ తర్వాత వచ్చింది అసూయే.

రెండు కళ్ళతో చూస్తే బాగున్న కన్ను బాగోలేనిదాన్ని కప్పిపుచ్చుతుంది. ఒకరికి మేలు చేద్దామని మింగిన మాట ఇంత దూరం ఎలా నడిచొస్తుందో, పైనుంచి అన్నీ చూసేవాడు మధ్యలో ఒక్కసారైనా ఎందుకు గుర్తుచెయ్యడో, అడిగితే తప్పో ఒప్పో తెలియదు. పెద్దామె ఆ క్షణంలో అడిగింది. జవాబు వినే తీరిక లేదు.

"కదలకు" అని తన అరచెయ్యి చిన్నామె ఎడమకంటి మీద పెట్టింది. "ఇప్పుడు?"

"నిటారుగానే."

చెయ్యి తీసి కుడికంటి మీద పెట్టింది. "ఇప్పుడు?"

చిన్నామె తల కొంచెం ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఆస్పత్రిలో నల్ల గరిటె లాంటిది అడ్డం పెడతారు కదా" అంది. "అది వాళ్ళ పద్ధతి అనుకున్నా. ఇంట్లో కూడా ఇలాగే చెయ్యాలా?"

"ముందు ఏం కనిపిస్తోందో చెప్పు."

"చుక్క ఏది అక్కా? తుడిచేశావా?"

"గీతలు?"

"అంచుల దగ్గర ఉన్నాయి. మధ్యలో ఎవరో తడిచెయ్యి పెట్టి పులిమేసినట్టుంది." కాగితం వైపు నుంచి పెద్దామె వైపు తిరిగింది. "నీ జుట్టు కనిపిస్తోంది. చెవులు కనిపిస్తున్నాయి. మధ్యలో నువ్వు లేవు."

పక్కకి జరిగిన సూది. గ్లాసు బయట పోసిన నీళ్ళు. పెద్దామెకి అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చెయ్యి తియ్యాలో ఉంచాలో తెలియక అలాగే నిలబడింది. సరిగ్గా అప్పుడే టేపాయన మెట్లెక్కి వచ్చాడు.

"ఏమిటిది, దుకాణం గాలికొదిలేసి దాగుడుమూతలా?"

టేపాయన ఇద్దరి ముఖాలూ చూసి, మెడలో టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ఏదైనా తేడాగా ఉందని ఆయనకి తెలిసినప్పుడు చేసే మొదటి పని అదే.

"ఆస్పత్రికి ఫోన్ కలపండి" అంది పెద్దామె.

ఆయన ఫోన్ అందరికీ వినిపించేలా పెట్టి మంచం మీద ఉంచాడు. అంతా విన్నాక సిస్టర్ గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

"రేపు కాదమ్మా, ఇప్పుడే తీసుకురండి. లోపల పొర కింద నీరు ఊరుతోందేమో చూడాలి. అదైతే ఇంజెక్షన్ ఆలస్యం చెయ్యకూడదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"తెలీదు సిస్టర్" అంది పెద్దామె.

"తెలీకపోవడమేమిటి? రోజూ గళ్ళు చూస్తున్నారుగా. ఒక కన్ను మూసి, తర్వాత రెండో కన్ను మూసి?"

గదిలో ఆ మాట రెండుసార్లు పడింది. చిన్నామె కళ్ళు వాల్చుకుంది. పెద్దామె వైపు చూడలేదు, కానీ ఏదో అర్థమైనట్టు తల కొంచెం ఊపింది.

"సరే, వచ్చేటప్పుడు మాత్రల సీసా తీసుకురండి" అంది సిస్టర్. "తన మాత్రలు తనే వేసుకుంటోంది కదా? సీసాలేవీ మారలేదుగా?"

పెద్దామె నోరు తెరిచింది. చిన్నామె ముందుకి వంగి ఫోను అందుకోబోయింది. చెయ్యి ఒకసారి దుప్పటి మీద పడింది. రెండోసారికి దొరికింది.

"ఏమీ మారలేదు సిస్టర్. గళ్ళ కాగితం నేనే సరిగ్గా చూడలేదు. ఎలా చూడాలో అక్క చెప్పింది, నేనే మర్చిపోయాను." ఫోను పెట్టేసింది.

రెండు అబద్ధాలు, తడుముకోకుండా. పెద్దామెకి సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు వెనకే, వద్దనుకున్నా, పాత మంట. చూపు పోతున్న వేళ కూడా ఇదే మంచిది. దొంగని నేను, కాపాడేది ఇది. ఇక ఈ జన్మంతా దీని మంచితనం కింద తలొంచుకుని బతకాలి.

దుకాణం వ్యాన్‌లో వెనక సీటు ఉండదు, గుడ్డ చుట్టలు ఉంటాయి. వాటి మీదే ఇద్దరూ కూర్చున్నారు. ముందు టేపాయన హారన్ కొట్టుకుంటూ తోలుతున్నాడు. పెద్దామె ఒళ్ళో సంచి, సంచిలో రెండు సీసాలు.

"ఆ మాట అనలేక దాటేశావు కదూ, ఆ రోజు?" అంది చిన్నామె.

"నీ మొహం చూశాక నోరు రాలేదు."

"మంచిదే చేశావు. అప్పుడు వినుంటే తట్టుకునేదాన్ని కాదు."

"ఇక చాలు" అంది పెద్దామె. "ఎంత మంచిగా ఉంటావు? సిస్టర్‌కి నిజం చెప్పేస్తాను. నాకోసం నువ్వు అబద్ధాలాడక్కర్లేదు."

"నీకోసమని ఎవరన్నారు?"

వ్యాన్ మలుపు తిరిగింది. చుట్టలు జరిగి ఇద్దరి భుజాలూ తగిలాయి. చిన్నామె గొంతు తగ్గించింది, ముందున్న టేపాయనకి వినపడకుండా.

"నా సీసా బరువుగా ఉందని నీకు అనుమానం రాలేదా అక్కా?"

"నీకు ఎక్కువ పోశారనుకున్నా."

చిన్నామె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అందులోంచి ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. ఇదే కాదు, ఇంతకుముందు ఇచ్చినవి కూడా. పొద్దున్నే సీసా తీసి పట్టుకునేదాన్ని, దారం తడిమి మళ్ళీ పెట్టేసేదాన్ని. ఆస్పత్రికి వెళ్ళే ముందు పారబోసేదాన్ని. చూడాల్సిన మనిషే లేనప్పుడు చూపు దాచుకుని ఏం చేసుకోనూ అనిపించేది." కొంగు కొస వేలికి చుట్టుకుంది. "ఇందాక నీ మొహం కనిపించనప్పుడు భయమేసింది. అప్పుడు తెలిసింది, ఇంకా చూడాలనే ఉందని. సీసాల సంగతి నువ్వు చెబితే వాళ్ళు మాత్రలు లెక్క చూస్తారు. నాది బయటపడుతుంది. ఈ పరీక్షలోంచి తీసేస్తే వైద్యం కూడా చెయ్యరేమో అక్కా. చెప్పకు."

పెద్దామె ముందు సీటు వైపు చూసింది. టేపాయన మెడ వెనక, టేపు ఎప్పుడూ ఒరుసుకునే చోట, నున్నటి గీత ఒకటి. నలభై ఏళ్ళుగా చూస్తున్న మెడ. అది కనిపించకుండా పోతే తను చూపు వద్దనుకుంటుందా? మాత్ర ముట్టకుండా కూర్చుంటుందా? ఏమో, కూర్చోదేమో. ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్న మందు ఎవరి కడుపులోకీ పోనేలేదు. అయినా కన్నుకుట్టడం ఆగలేదు. ఇప్పుడు అది ఆ దుఃఖాన్ని చూసి కుడుతోంది.

దాంతోపాటే ఒక ఆలోచన, చల్లగా, ఎవరో చెవిలో చెప్పినట్టు వచ్చింది. ఇద్దరిలో ఒకరి తప్పు రెండోవారి తప్పుని కప్పేస్తుంది. నోరు విప్పకపోతే చాలు. తను సీసా మార్చిందని ఈ లోకంలో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. చిన్నామే వద్దంది కూడా.

కానీ సిస్టర్ ఎందుకడిగింది ఆ మాట? సీసా మారితే, మాత్రలు మానేస్తే, డాక్టరమ్మ చెయ్యాల్సిన పనిలో ఏదైనా మారుతుందా? మారకపోతే అడగడమెందుకు? ఒకసారి ఒక మాట మింగినందుకే ఇక్కడిదాకా వచ్చాం. ఇప్పుడు ఇంకోటి మింగితే?

వ్యాన్ ఆగింది. వెనక తలుపు బయటి నుంచి తెరుచుకుంది. సిస్టర్ చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరికమ్మా? మీకా? రండి. డాక్టరమ్మ లోపల ఎదురుచూస్తోంది." చిన్నామెని కూర్చోబెట్టి, పెద్దామె వైపు చెయ్యి చాపింది. "సీసా ఇలా ఇవ్వండి. ఆమెదే ఇవ్వాలి."

చిన్నామె కుర్చీలోంచి తల తిప్పి, పెద్దామె ఉన్న చోటికి కొంచెం పక్కగా చూసింది.

పెద్దామె సంచిలో చెయ్యి పెట్టింది. రెండు సీసాలూ వేళ్ళకి తగిలాయి. ఒకటి బరువుది. ఇంకోదాని మెడకి దారం ఉంది, దాని ముడి కుడివైపుకి తిరిగి ఉంది.